మాంసకృత్తుల మడత

నిర్వచనము

జీవకణమందలి రైబోసోముపై అమైనో ఆమ్లములు ఒకదాని వెంట నొకటి కూర్పబడి యేర్పడిన పొడవైన శృంఖల, తనకు నియతమైన త్రిమితీయ రూపమును బొంది, తన ధర్మమును నిర్వర్తింపగల స్థితికి వచ్చుటను మాంసకృత్తు మడత యందురు. మాంసకృత్తునే వ్యవహారమున ప్రోటీను అని కూడ అందురు. సక్రమముగా మడతపడిన రూపమునకు సహజస్థితి యనియు, మడత విడిపోయి ధర్మమును గోల్పోయిన రూపమునకు వికృతస్థితి యనియు పేర్లు. ఎంజైము తాను మార్పు కలిగింపవలసిన పదార్థమును పట్టుకొనుట, హీమోగ్లోబిను ప్రాణవాయువును మోయుట, ప్రతిరక్షకము రోగక్రిమిని గుర్తించుట మున్నగు క్రియలన్నియు, శృంఖలలో దూరదూరముగా నున్న భాగములు మడతవలన ఒకచోటికి చేరుటచేతనే సాధ్యమగుచున్నవి. కైమోట్రిప్సిన్ అను జీర్ణరసపు ఎంజైములో రసాయనచర్యను నడుపు మూడు అవశేషములు (శృంఖలలో చేరిన అమైనో ఆమ్లములకు అవశేషములని పేరు) 57, 102, 195 స్థానములందున్నవి; శృంఖల చాచియున్నంతకాలము వానికి పరస్పర సంబంధమే లేదు, మడతపడినంతనే అవి మూడును ఒకే గుంటలో ఎదురెదురుగా నిలుచును.

ఈ విషయమున మూడు ప్రశ్నలు విడివిడిగా పుట్టి, విడివిడిగా పరిష్కారమునకు వచ్చుచున్నవి. శృంఖల తనకు సాధ్యమగు అసంఖ్యాక రూపములలో ఒకదానినే యేల పొందును? ఆ రూపమును అంత స్వల్పకాలములో ఏ మార్గమున పొందును? ఇతరాణువులతో క్రిక్కిరిసియున్న జీవకణములో దారితప్పక యెట్లు పొందును? వీనిలో ఒకదానికి సమాధానము దొరికినంతమాత్రమున తక్కినవానికి దొరికినట్లు కాదు. ఈ భేదమును మరచినందుననే ఈ విషయమును గూర్చిన వ్రాతలలో గందరగోళము తరచుగా ప్రవేశించుచున్నది.

శృంఖల నిర్మాణము, రూపశ్రేణులు

మాంసకృత్తులు సామాన్యముగా 20 రకముల అమైనో ఆమ్లములతో నిర్మితములు. ఒక అమైనో ఆమ్లపు కార్బాక్సిలు వర్గము, తరువాతిదాని అమైనో వర్గముతో, ఒక నీటి అణువును విడిచి కలియుటచే పెప్టైడు బంధమేర్పడును. మాంసకృత్తులు ఇట్టి బంధములతో గూడిన శృంఖలలని 1902లో ఎమిల్ ఫిషర్, ఫ్రాంజ్ హోఫ్‌మైస్టర్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా ప్రతిపాదించిరి. పెప్టైడు బంధము పాక్షికముగా ద్విబంధస్వభావము గలది యగుటచే దానిచుట్టు శృంఖల తిరుగజాలదు. అందుచే శృంఖల కాండము చదునైన ఖండముల వరుసయై, ప్రతి అవశేషమునందలి మధ్యకార్బనుకు ఇరువైపుల నున్న రెండు బంధములయొద్ద మాత్రమే మెలిదిరుగగలదు. ఈ రెండు కోణములకు ఫై, సై అని పేర్లు. మడత యనునది అంతయు, చివరకు, ఈ కోణముల ఎన్నికయే.

ఈ కోణములు ఏయే విలువలను పొందగలవో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయమునందు జి. ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ గణించి, ఒక చదరపు పటముపై గుర్తించిరి. పరమాణువులు ఒకదానినొకటి ఢీకొనరాదను ఒక్క నియమమును మాత్రమే వారు ఆధారముగా గొనిరి. పటములో అధికభాగము నిషిద్ధమనియు, మిగిలిన కొద్దిచోట్లు ఆల్ఫా సర్పిలము, బీటా ఫలకము అను రెండు ప్రసిద్ధ రూపములకు సరిపోవుచున్నవనియు తేలినది. పార్శ్వశృంఖల లేని గ్లైసీనుకు స్వేచ్ఛ యెక్కువ. వలయబద్ధమైన ప్రోలీనుకు మిక్కిలి తక్కువ. నేటికిని ఒక మాంసకృత్తు నిర్మాణమును క్రొత్తగా ప్రకటించువారు, తమ నమూనాలోని కోణములు రామచంద్రన్ పటమునకు ఎంతవరకు లోబడియున్నవో చూపుట ఆచారము. ఇంత స్వల్పమైన ఆధారముతో ఇంత విస్తృతమైన ఫలితమును సాధించిన గణనలు జీవరసాయనశాస్త్రములో అరుదు.

డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలకు చెందిన లిండర్‌స్ట్రోమ్-లాంగ్ 1950ల తొలినాళ్లలో మాంసకృత్తు రూపమును మూడు శ్రేణులుగా విభజించెను. అమైనో ఆమ్లముల వరుస ప్రాథమిక నిర్మాణము. కాండమునందలి హైడ్రోజను బంధములచే నేర్పడు క్రమమైన మెలికలు ద్వితీయ నిర్మాణము. శృంఖల సమస్తమును పొందు త్రిమితీయ రూపము తృతీయ నిర్మాణము. పెక్కు శృంఖలలు కలిసి ఒక సంఘాతముగా నేర్పడుటకు చతుర్థ నిర్మాణమను పేరు తరువాత చేరినది. నాలుగు శృంఖలలు గల హీమోగ్లోబిను దీనికి నిదర్శనము.

ద్వితీయ నిర్మాణములలో ఆల్ఫా సర్పిలమును 1951లో లైనస్ పౌలింగ్, రాబర్ట్ కోరీ, హెర్మన్ బ్రాన్సన్ ప్రతిపాదించిరి. ఇందు ఒక చుట్టునకు 3.6 అవశేషములుండి, ఒక్కొక్క చుట్టు 5.4 ఆంగ్‌స్ట్రాముల ఎత్తు లేచును. ప్రతి అవశేషమందలి ఆక్సిజను, తనకు నాలుగు స్థానముల తరువాత నున్న అవశేషపు నైట్రొజనుతో హైడ్రోజను బంధము కలిగియుండును. బీటా ఫలకమున శృంఖల భాగములు చాచినట్లుండి, ప్రక్కప్రక్కన వరుసతీరి, అడ్డముగా బంధింపబడును. తృతీయ నిర్మాణము తొలిసారి కంటబడినది మయోగ్లోబినునందు. 153 అవశేషములు గల ఆ అణువు రూపమును జాన్ కెండ్రూ 1958లో ఎక్స్-కిరణ స్ఫటికశాస్త్ర పద్ధతిచే వెలువరించినప్పుడు, తాము ఊహించిన సౌష్ఠవ మేమాత్రమును లేని ఆ జటిలాకృతిని జూచి శాస్త్రజ్ఞులు విస్మితులైరి. హీమోగ్లోబినుపై కృషి చేసిన మాక్స్ పెరూట్జ్‌తోపాటు కెండ్రూకు 1962లో నోబెల్ బహుమానము లభించినది.

చరిత్ర: తెల్లసొన నుండి రైబోన్యూక్లియేజు వరకు

మడతను గూర్చిన విచారణ మొదట మడత విడిపోవుటను గమనించుటతో ఆరంభమైనది. కోడిగ్రుడ్డునందలి తెల్లసొన పచ్చిగా నున్నప్పుడు పారదర్శకమైన జిగటద్రవము. వేడిమి 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన కొలది అది తెల్లబడి, గట్టిపడి, చల్లార్చినను మరల కరగదు. ఈ మార్పులో పెప్టైడు బంధ మొక్కటియు తెగదు. రసాయన విశ్లేషణమునకు పచ్చిసొనయు ఉడికినసొనయు ఇంచుమించుగా నొక్కటే. మారినది రూపము మాత్రమే. వేడిమిచే మడత సడలగా, లోపల దాగియున్న జలవిరోధి భాగములు బయటపడి, ప్రక్క శృంఖలల అట్టి భాగములకు అంటుకొని, ఎడతెగని వలగా పెనవేసికొనును. చీనా దేశీయుడగు శియెన్ వూ 1931లోనే, వికృతి యనగా క్రమబద్ధమై బిగువుగా నున్న నిర్మాణము సడలి అస్తవ్యస్తమగుటయే యని స్పష్టముగా వ్రాసెను. 1936లో ఆల్ఫ్రెడ్ మిర్‌స్కీ, పౌలింగ్ ఆ భావమునే హైడ్రోజను బంధముల పరముగా వివరించిరి. వూ పేరునకు రావలసినంత ప్రసిద్ధి రాలేదని చెప్పక తప్పదు.

కొన్ని మాంసకృత్తులు, తగిన జాగ్రత్త తీసికొనినచో, వికృతినుండి సహజస్థితికి మరలగలవని అప్పటికే తెలిసియున్నను, దాని పూర్ణార్థమును వెల్లడించినది అమెరికాలోని బెథెస్డాయందు క్రిస్టియన్ ఆన్‌ఫిన్సెన్ సహచరులతో గావించిన ప్రయోగము. ఆయన గ్రహించిన ద్రవ్యము ఆవు క్లోమమునుండి లభించు రైబోన్యూక్లియేజు. దానియందు 124 అవశేషములు కలవు. వానిలో ఎనిమిది సిస్టీనులు జతలు జతలుగా కలిసి నాలుగు డైసల్ఫైడు బంధములుగా నేర్పడియున్నవి. 8 మోలార్ గాఢత గల యూరియాలో, మెర్కాప్టోఇథనాల్ చేర్చి, ఆన్‌ఫిన్సెన్ బృందము ఆ బంధములను త్రుంచి శృంఖలను విప్పివేసెను. ఎంజైము క్రియ నశించెను. యూరియాను, మెర్కాప్టోఇథనాలును తొలగించి గాలి తగులనిచ్చినప్పుడు, శృంఖల తనంతటతానే పూర్వరూపమును దాల్చి క్రియాశక్తిని దాదాపు పూర్తిగా తిరిగి పొందెను.

దీనికంటె నిర్ణాయకమైనది ఆ ప్రయోగపు రెండవ పాదము. యూరియా నుండగనే గాలి తగులనిచ్చినచో, శృంఖల సడలియుండగనే సిస్టీనులు తోచినట్లు జతపడును. మొదటి సిస్టీనుకు జత యగుటకు ఏడు అవకాశములు, మిగిలినవానిలో మరియొకదానికి ఐదు, ఆపై మూడు, చివరి జతకు ఒకటి. మొత్తము 105 విధములు. వీనిలో సహజమైనది ఒక్కటే. ఇట్లు జతపడిన ద్రవ్యమునకు సహజ ఎంజైము క్రియాశక్తిలో సుమారు నూటికొకవంతు మాత్రమే యుండెను. 105లో ఒకటి యనగా నంతియే గదా! పిమ్మట యూరియాను తీసివేసి, తప్పుజతలు విడి మరల కూడుకొనుటకై మెర్కాప్టోఇథనాలును లేశమాత్రముగా చేర్చగా, కొన్ని గంటలలో క్రియాశక్తి పూర్తిగా తిరిగివచ్చెను. తప్పు బంధములను విడిచి సరియైన బంధములకై శృంఖలను నడిపినది దానియందలి అమైనో ఆమ్లముల వరుస తప్ప వేరొకటి కాదు. 1969లో బ్రూస్ మెరిఫీల్డ్, బెర్న్‌డ్ గుట్టె ఈ ఎంజైమును ప్రయోగశాలలో కేవల రసాయన పద్ధతిచే నిర్మించి, క్రియాశక్తి గలదానినిగా చూపుటతో, జీవకణము నంటివచ్చిన రహస్యవస్తు వేదో ఇందు మిగిలియున్నదను సందేహము తొలగినది. సహజస్థితి, తన పరిసరములలో, శృంఖలకు కనిష్ఠ స్వేచ్ఛాశక్తి గల స్థితియే యను ఈ సిద్ధాంతమునకు ఉష్ణగతిక సిద్ధాంతమని పేరు. ఆన్‌ఫిన్సెన్‌కు 1972లో, స్టాన్‌ఫర్డ్ మూర్, విలియం స్టైన్‌లతో గూడ, నోబెల్ బహుమాన మొసగబడెను.

మడతను నిలుపు బలములు

మడతకు ముఖ్యప్రేరకము జలవిరోధి ప్రభావము. ల్యూసీను, వాలీను, ఫినైల్‌అలనీను మున్నగువాని పార్శ్వశృంఖలలు నూనెజాతి ద్రవ్యములవలె నీటితో పొత్తు లేనివి. అవి నీటిలో చెదరియున్నంతవరకు వాని చుట్టునున్న నీటి అణువులు నియతమైన అమరికకు కట్టుబడియుండవలెను. అవి లోపలికి చేరి యొకచో గుమికూడినప్పుడు ఆ నీటికి స్వేచ్ఛ లభించి, ఎంట్రొపీ పెరుగును. వాల్టర్ కౌజ్‌మన్ 1959లో ఈ ప్రభావమునకు ప్రాధాన్యమిచ్చి వివరించినప్పటికి ఒక్క మాంసకృత్తు నిర్మాణమైనను పరమాణు వివరములతో ప్రకటితము కాలేదు. ఆ మరుసటి సంవత్సరమునుండి వెలువడిన నిర్మాణములు ఆయన చెప్పినట్లే లోపల జలవిరోధులతోను, వెలుపల జలాకర్షకములతోను కానవచ్చెను. హైడ్రోజను బంధములు, దగ్గరదగ్గరగా నొదిగిన పరమాణువుల మధ్యనుండు వాన్ డర్ వాల్స్ ఆకర్షణ, విరుద్ధ విద్యుదావేశముల ఆకర్షణ, డైసల్ఫైడు బంధములు తక్కిన సాధనములు.

వీనికి ప్రతికూలముగా పనిచేయునది శృంఖలయొక్క స్వేచ్ఛ. చాచియున్న శృంఖలకు లెక్కలేనన్ని రూపములు సాధ్యములు. మడతపడుట యనగా ఆ స్వేచ్ఛను వదలుకొనుట. పరస్పర విరుద్ధములైన ఈ రెండు ప్రభావముల నడుమ తేడా మిక్కిలి స్వల్పము: సామాన్యమైన మాంసకృత్తుకు సహజస్థితిలో అధికముగా నున్న స్థిరత్వము మోలుకు 5 మొదలు 15 కిలోకేలరీలు మాత్రమే, అనగా కొన్ని హైడ్రోజను బంధముల శక్తికి సమానము. ఒక్క అవశేషము మారినను, వేడిమి కొద్ది డిగ్రీలు పెరిగినను, ఆమ్లత్వము మారినను మడత సడలుటకు ఇదియే హేతువు. వేడిమిచేతనే కాక అతిశీతలముచేత గూడ కొన్ని మాంసకృత్తుల మడత విడిపోవునని రష్యా దేశీయుడగు పీటర్ ప్రివలోవ్ సూక్ష్మమైన ఉష్ణమాపనములచే నిరూపించెను. చలిలో జలవిరోధి ప్రభావము బలహీనపడుటయే దీనికి కారణము.

మార్గము: లెవింథాల్ ప్రశ్న

సైరస్ లెవింథాల్ 1969లో ఒక సులభమైన లెక్కను ముందుంచెను. నేడు దానిని సామాన్యముగా నిట్లు చెప్పుదురు. 100 అవశేషములు గల శృంఖలలో ఒక్కొక్క అవశేషమునకు మూడేసి రూపములు మాత్రమే సాధ్యమనుకొన్నను, మొత్తము రూపముల సంఖ్య సుమారు 5 ప్రక్కన 47 సున్నలుంచినంత యగును. ఒక రూపమునుండి మరియొక రూపమునకు మారుటకు సెకనులో పదిలక్షల కోట్లవంతు కాలము చాలుననుకొన్నను, అన్నిటిని పరీక్షించి చూచుటకు విశ్వము పుట్టినప్పటినుండి గడచిన కాలము ఎన్నియో కోట్ల రెట్లైనను చాలదు. వాస్తవమున చిన్న మాంసకృత్తులు మైక్రోసెకనులు మొదలు కొన్ని సెకనుల లోపల మడతపడుచున్నవి. దీనిని లెవింథాల్ వైరుధ్యమని పిలుచుట వాడుక యైనను, లెవింథాల్ స్వయముగా దీనిని వైరుధ్యముగా భావించలేదు. మడత యాదృచ్ఛికమైన వెదకులాట కానేరదనియు, స్థానికములైన సంబంధములు ముందేర్పడి తక్కినవానికి దారిచూపుననియు నిరూపించుటకే ఆయన ఇట్టి లెక్కను జూపెను.

పిమ్మటి కృషి రెండు పక్షములుగా సాగినది. నియతములైన మధ్యస్థితుల గుండ శృంఖల మెట్లుమెట్లుగా దిగివచ్చునని ఒక పక్షము. ఇందులకు ఆధారముగా, ద్వితీయ నిర్మాణము చాలవరకు ఏర్పడి, మొత్తము కుదించుకొనియు, లోపలి యమరిక మాత్రము కుదురుకొనని యొక స్థితిని పాలయందలి ఆల్ఫా-లాక్టాల్బుమిన్ వంటివానిలో ఒలెగ్ ప్టిట్సిన్ బృందము పరిశీలించెను. 1983లో ఒగూషి, వాడా అను జపాను శాస్త్రజ్ఞులు దానికి ద్రవగోళస్థితి యను నర్థమిచ్చు పేరు పెట్టిరి. మధ్యస్థితి యేదియు నిలువకుండగనే మడత పూర్తియగు మాంసకృత్తులు కలవని రెండవ పక్షము. బార్లీ గింజలయందలి 64 అవశేషముల కైమోట్రిప్సిన్ నిరోధకము అట్టిదని 1991లో సోఫీ జాక్సన్, అలన్ ఫెర్ష్ట్ చూపిరి. ఫెర్ష్ట్ బృందము ఒక్కొక్క అవశేషమును మార్చి, ఆ మార్పు మడత వేగమును ఎంత, స్థిరత్వమును ఎంత తగ్గించుచున్నదో పోల్చిచూచి, దాటవలసిన శిఖరస్థితిలో అణువు ఏయే భాగములలో ముందుగా రూపుదిద్దుకొనియుండునో నిర్ణయించెను.

ఈ రెండు పక్షములను సమన్వయించినది శక్తితల సిద్ధాంతము. జోసెఫ్ బ్రింగెల్సన్, పీటర్ వోలైన్స్ 1987 నుండియు, పిమ్మట హోసే ఒనుచిక్, కెన్ డిల్ మున్నగువారును అభివృద్ధి చేసిన ఈ సిద్ధాంతము ప్రకారము, సాధ్యరూపము లన్నిటి శక్తులను పటముగా గీసినచో అది గరాటువలె నుండును: అంచునందు విస్తారములైన విప్పిన రూపములు, అడుగున ఒక్కటే సహజస్థితి. ఏ అంచునుండి బయలుదేరినను వాలు అడుగునకే యగుటచే శృంఖల అన్ని రూపములను వెదకనక్కరలేదు. గరాటు గోడ నునుపుగా నున్నచో మధ్యస్థితులుండవు. గుంటలుగా నున్నచో శృంఖల అందు చిక్కుకొనును. దగ్గరి యవశేషముల సంబంధములు ఎక్కువగా గల మాంసకృత్తులు త్వరగాను, దూరపువానితో సంబంధము లెక్కువగలవి ఆలస్యముగాను మడతపడునని 1998లో కెవిన్ ప్లాక్స్‌కో, కిమ్ సైమన్స్, డేవిడ్ బేకర్ కనుగొనిన నియమము ఈ సిద్ధాంతమునకు అనుకూలమైనది.

పరిశీలన పద్ధతులు

మడత గమనమును పరిశీలించుటకు ధ్రువీకృత కాంతి శోషణము, ట్రిప్టోఫాను ప్రతిదీప్తి, అయస్కాంత అనునాదము, హైడ్రోజను స్థానమున డ్యుటీరియమును చేర్చి కొలుచుట ముఖ్య సాధనములు. లేసరు కిరణములచే ఒక్క అణువును రెండు కొనలు పట్టి లాగి, అది విడుచుటను మరల మడతపడుటను ప్రత్యక్షముగా కొలుచుట నేడు సాధ్యము. గణకయంత్రములపై అనుకరణమును 1975లో మైకేల్ లెవిట్, ఏరియే వార్షెల్ ప్రారంభించిరి; 2011లో డేవిడ్ షా బృందము ప్రత్యేకముగా నిర్మించిన యంత్రముపై పండ్రెండు చిన్న మాంసకృత్తులు విప్పిన స్థితినుండి మడతపడుటను పరమాణు వివరములతో అనుకరించినది.

ఆకృతి ప్రవచనము

వరుస తెలిసిన మాంసకృత్తుకు ఆకృతిని గణించి ముందుగా చెప్పుట ఆన్‌ఫిన్సెన్ సిద్ధాంతమునుండి సహజముగా పుట్టిన ఆశ. ఈ రంగమున సాధించిన ప్రగతిని నిష్పక్షపాతముగా కొలుచుటకై 1994 నుండి, రెండేండ్ల కొకసారి, ఇంకను ప్రకటింపబడని నిర్మాణములను ముందుంచి పోటీ జరుపుచున్నారు. దీని పేరు కాస్ప్. దీనియందు 2020లో డీప్‌మైండ్ సంస్థవారి ఆల్ఫాఫోల్డ్ అను కార్యక్రమము పెక్కు మాంసకృత్తులకు ప్రయోగఫలితములతో పోల్చదగిన నిర్దుష్టత గల ఆకృతులను ఇచ్చినది. దీని కాధారము ప్రధానముగా రెండు: 1971 నుండి ప్రోటీన్ డేటా బ్యాంకునందు చేరిన ప్రయోగసిద్ధ నిర్మాణములును, వివిధ జీవజాతులలో ఒకే మాంసకృత్తు వరుసయందు కలిగిన మార్పులును. ఎదురెదురుగా తాకియున్న రెండు అవశేషములలో ఒకటి పరిణామక్రమమున మారినచో, దానికి సరిపడునట్లు రెండవదియు మారుట తరచుగా జరుగును; ఇట్టి జంటమార్పులనుండి ఏవి ఏవి చేరువగానున్నవో ఊహింపవచ్చును. 2022 నాటికి 20 కోట్లకు మించిన ఆకృతులు ఈ విధముగా వెలువడినవి. డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు 2024 రసాయన నోబెల్ బహుమానములో సగము లభింపగా, మిగిలిన సగము, ప్రకృతిలో లేని మాంసకృత్తులను రూపకల్పన చేసిన డేవిడ్ బేకర్‌కు లభించినది. 2003లో బేకర్ బృందము నిర్మించిన 93 అవశేషముల టాప్7 ఇట్టివానిలో ప్రసిద్ధము.

ఈ సాధన గొప్పది. కాని మడత సమస్య దీనితో తీరిపోయినదనుట సరికాదు. ఆల్ఫాఫోల్డ్ తెలుపునది గమ్యస్థానము. శృంఖల అచ్చటికి చేరిన దారిని గాని, పట్టిన కాలమును గాని, ఒక్క ఉత్పరివర్తనముచే స్థిరత్వ మెంత తగ్గునో గాని అది నేరుగా చెప్పదు.

జీవకణములో మడత: షాపరోనులు

పరీక్షనాళికలో పలుచని ద్రావణమున ఒంటరిగా మడతపడుట వేరు. జీవకణములో మడతపడుట వేరు. బాక్టీరియా కణద్రవములో లీటరుకు 300 మొదలు 400 గ్రాముల వరకు స్థూలాణువులు క్రిక్కిరిసియుండును. రైబోసోము సెకనుకు 15 మొదలు 20 అవశేషముల చొప్పున శృంఖలను నిర్మించుచుండగా, మొదటి కొన బయటికి వచ్చి చాలసేపైన గాని చివరి కొన వెలువడదు. ఈ లోపల సగము మడతపడిన భాగములు, తమ జలవిరోధులను దాచుకొనలేక, ప్రక్కవానికి అంటుకొని తెల్లసొనవలె గడ్డకట్టు ప్రమాదము కలదు. అందుచే మడతకు తోడ్పడు సాధనములు కణములోనే కలవు. ఆన్‌ఫిన్సెన్ ప్రయోగమున గంటలు పట్టిన పని కాలేయమునందలి ఒక ఎంజైము సన్నిధిలో నిమిషములలో ముగియునని 1963లో ఆయన బృందమే చూపినది. డైసల్ఫైడు జతలను మార్చు ఆ ఎంజైము, ప్రోలీను బంధపు దిశను మార్చు ఎంజైములు మడతను త్వరపరచునవి. షాపరోనులు అను సహాయక మాంసకృత్తులు ఇట్టివి కావు. అవి తప్పు కలయికలను నివారించునవి.

వీని చరిత్ర వేరొక దారిని మొదలైనది. 1962లో ఫెరుచ్చియో రిటోసా వేడిమికి గురియైన పండ్లయీగల క్రోమోసోములపై క్రొత్త ఉబ్బులను చూచి, వేడిమికి మేల్కొను జన్యువులు కలవని గ్రహించెను. ఆ జన్యువులవలన పుట్టు మాంసకృత్తులకు ఉష్ణాఘాత మాంసకృత్తులని పేరు వచ్చినది. షాపరోను అను పదమును రాన్ లాస్కీ 1978లో వేరొక సందర్భమున వాడగా, జాన్ ఎల్లిస్ 1987లో ఇతర మాంసకృత్తుల మడతకు తోడ్పడి, తాము మాత్రము తుది నిర్మాణములో భాగము కాని వాని కన్నిటికి వర్తింపజేసెను. ఈస్టు మైటోకాండ్రియాలో ఇట్టి మాంసకృత్తు లోపించినచో లోనికి వచ్చిన శృంఖలలు మడతపడలేవని 1989లో ఆర్థర్ హోర్విచ్, ఉల్రిచ్ హార్ట్‌ల్ సహచరులతో గూడి నిరూపించుటతో, కణములో మడతకు సాయమవసరమని స్థిరపడినది.

వీనిలో మిక్కిలి వివరముగా తెలిసినది ఎషెరిషియా కోలై బాక్టీరియాయందలి గ్రోఇఎల్. ఇది ఏడేసి ఉపాంగములు గల రెండు వలయములు వీపు వీపు ఆనించి నిలిచిన డొల్ల. వలయపు నోటిచుట్టునున్న జలవిరోధి అంచులు, మడతపడని శృంఖలను అంటిపట్టుకొనును. కణమునకు ఇంధనమగు ఏటీపీ అణువులు ఏడు ఆ వలయమునకు తగులగనే దాని గోడలు పైకి లేచి మెలిదిరుగును; గ్రోఇఎస్ అను ఏడు ఉపాంగముల మూత పైన కుదురుకొనును; లోపలి ఖాళీ రెండింతలకు పెరిగి, జలవిరోధి గోడ స్థానమున జలాకర్షక గోడ శృంఖలకు ఎదురగును. ఇతర శృంఖలల స్పర్శ లేని ఆ గదిలో సుమారు పది సెకనులు గడచిన పిమ్మట ఏటీపీ విచ్ఛిన్నమై, ఎదుటి వలయమునకు క్రొత్త ఏటీపీ తగులగా మూత విడును. మడత పూర్తియైన శృంఖల వెడలిపోవును. పూర్తికానిది మరల పట్టుబడును. ఈ గది కేవలము ఏకాంతము కల్పించునదే యని కొందరును, శృంఖలను బలవంతముగా విప్పి క్రొత్త అవకాశ మిచ్చుననియు ఇరుకుదనముచే మడతను వేగపరచుననియు మరికొందరును వాదింతురు. మాంసకృత్తును బట్టి రెండును నిజము కావచ్చును. ఈ యంత్రమునకు ఇంధనమగు ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో గూడి వేరుపరచినవాడు భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు. అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా దానిని కనుగొనెను.

హెచ్‌ఎస్‌పి70 అను మరియొక షాపరోను రైబోసోమునుండి వెలువడుచున్న శృంఖలల జలవిరోధి ఖండములను పట్టి విడుచుచుండును. అంతర్జీవద్రవ్యజాలములో మడతపడు మాంసకృత్తులకు చక్కెర గుర్తులు తగిలించి, మడత పూర్తియైనదో లేదో తరచిచూచు ప్రత్యేక ఏర్పాటు కలదు. మడతపడనివి అచ్చట పేరుకొనినచో షాపరోను జన్యువులను మేల్కొలుపు సంకేతమార్గమును కజుటోషి మోరి, పీటర్ వాల్టర్ వెలికిదీసిరి. చక్కబడని వానిని ప్రోటియసోము అను కణయంత్రము ముక్కలుగా జేయును.

నియమమునకు లోబడనివి

ఉష్ణగతిక సిద్ధాంతమునకు పరిమితులు కలవు. ఇన్సులిను మొదట ఒకే శృంఖలయగు ప్రోఇన్సులినుగా మడతపడును. పిమ్మట నడిమి భాగము కత్తిరింపబడును. అందుచే రెండు శృంఖలలుగా మిగిలిన ఇన్సులినును విప్పినచో రైబోన్యూక్లియేజు వలె సులభముగా పూర్వరూపమును పొందలేదు. కొన్ని మాంసకృత్తులు, లేదా వానిలోని పొడవైన భాగములు, నియతమైన మడతయే లేక తమ ధర్మమును నెరవేర్చును. పాలయందలి కేసీను ఇట్టిది. పాలను ఎంత కాచినను కేసీను తెల్లసొనవలె గట్టిపడకుండుటకు కారణము, విడిపోవుటకు దానికి బిగువైన మడత లేకపోవుటయే. పెరుగు తోడుకొనుట వేడిమివలన గాక, ఆమ్లముచే విద్యుదావేశము తగ్గి కేసీను కణములు దరిచేరుటవలన కలుగును.

కొల్లాజెను మరొక తరగతి. ఎముకలయందు, చర్మమునందు, స్నాయువులయందు నుండు ఈ మాంసకృత్తు మూడు శృంఖలలు పేనిన త్రిసర్పిలమని 1954, 1955లలో రామచంద్రన్, గోపీనాథ్ కర్తా మద్రాసునుండి ప్రకటించిరి. ఇందు ప్రతి మూడవ అవశేషము గ్లైసీనుగా నుండవలెను. మూడు శృంఖలలు కలియు ఇరుకైన నడిమి దారిలో అంతకు పెద్దది పట్టదు. ప్రోలీనులకు హైడ్రాక్సిలు చేర్చు ఎంజైమునకు సి విటమిను అవసరము. అది కొరవడినచో త్రిసర్పిలము శరీరపు వేడిమికే సడలును; పూర్వము దూరప్రయాణము చేయు నావికులను పీడించిన స్కర్వీ వ్యాధికి మూలమిదియే.

తప్పుమడత, వ్యాధులు

తప్పుమడతవలన కలుగు వ్యాధులు రెండు విధములు: మాంసకృత్తు లోపించుటచే కలుగునవి, పేరుకొనుటచే కలుగునవి. సిస్టిక్ ఫైబ్రోసిస్ మొదటి విధమునకు చెందినది. క్లోరైడు రవాణా చేయు 1480 అవశేషముల మాంసకృత్తులో 508వ ఫినైల్‌అలనీను లోపించుట ఈ వ్యాధికి మిక్కిలి సాధారణ కారణము. ఇట్టి శృంఖల కణపు పరీక్షలో నిలువక, కణత్వచమును చేరకమునుపే విధ్వంసమునకు గురియగును.

రెండవ విధమునందు ముఖ్యమైనది అమిలాయిడు. ఈ పేరును 1854లో రుడాల్ఫ్ విర్కో పెట్టెను. ఈ నిక్షేపములు సన్నని పోగులని 1959లో ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిచే తెలిసినది. పోగునిలువునకు అడ్డముగా బీటా పట్టీలు 4.7 ఆంగ్‌స్ట్రాముల ఎడముతో పేర్చినట్లుండును. సహజస్థితిలో సర్పిలములే గాని బీటా పట్టీలు లేని మయోగ్లోబిను సైతము తగిన పరిస్థితులలో అమిలాయిడు పోగులుగా మారగలదని క్రిస్ డాబ్సన్ బృందము 2001లో చూపినది. ఈ రూపము కొన్ని రోగగ్రస్త మాంసకృత్తులకే పరిమితమైన వికారము గాక, పెప్టైడు శృంఖల కాండమునకే సామాన్యమైన అవకాశమని దీనివలన తెలియుచున్నది. ఆల్జైమరు వ్యాధిలో 40 లేక 42 అవశేషముల అమిలాయిడు-బీటా శకలము, టౌ అను మాంసకృత్తు; పార్కిన్సను వ్యాధిలో ఆల్ఫా-సిన్యూక్లీను ఇట్లు పేరుకొనును. కణములకు హాని చేయునది పెద్ద నిక్షేపమా, లేక దానికి ముందేర్పడు చిన్న గుంపులా యను విషయమున ఏకాభిప్రాయము లేదు. స్టాన్లీ ప్రూసినర్ 1982లో ప్రతిపాదించిన ప్రియాను సిద్ధాంతము ప్రకారము, తప్పుగా మడతపడిన మాంసకృత్తు తన జాతి సక్రమాణువులను గూడ తన రూపమునకు మార్చి, జన్యుపదార్థము లేకయే వ్యాధిని వ్యాపింపజేయును. మొదట తీవ్రప్రతిఘటన నెదుర్కొనిన ఈ సిద్ధాంతమునకు 1997లో నోబెల్ బహుమానము లభించినది.

కంటిశుక్లము వీనిలో అత్యంత సామాన్యము. కంటికటకపు లోపలి కణములు కేంద్రకమును విడిచివేయుటచే, అందలి క్రిస్టలిను మాంసకృత్తులు పుట్టుకనాటివి మారకుండ జీవితాంతము నిలువవలెను. వానిలో ఆల్ఫా-క్రిస్టలిను షాపరోనుగా గూడ పనిచేసి, సడలిన తక్కిన క్రిస్టలినులు గుంపుకట్టకుండ ఆపునని 1992లో జోసెఫ్ హార్విట్జ్ కనుగొనెను. వేడిమి పెరిగినప్పుడు దాని నిర్మాణము మారి ఈ శక్తి హెచ్చునని హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము (సి.సి.ఎం.బి.) నందు చింతలగిరి మోహనరావు బృందము పరిశోధించి తెలిపినది. దశాబ్దములు గడచిన కొలది ఈ రక్షకము వ్యయమై, కటకము మసకబారును.

చికిత్సలో రెండు మార్గములు ఫలించినవి. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో లోపించిన మాంసకృత్తు మడతను సరిదిద్దు చిన్న అణువులు 2015 నుండి వాడుకలోనికి వచ్చినవి. ట్రాన్స్‌థైరెటిన్ అను నాలుగు శృంఖలల మాంసకృత్తు విడిపోయి గుండెలోను నాడులలోను అమిలాయిడుగా పేరుకొను వ్యాధికి టాఫామిడిస్ అను ఔషధము కలదు. అది ఆ నాలుగింటి నడుమనున్న ఖాళీలో కుదురుకొని, సహజస్థితికి మరికొంత స్థిరత్వము చేకూర్చి, అవి విడిపోకుండ పట్టియుంచును.